అమ్మాయి ఎమ్మెల్యే అవుతానంటోంది: ముందు ఏ చదువు, ఏ పని?

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు. బీఏ మూడో సంవత్సరం. మా ఆయన లారీ డ్రైవరు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. చిన్నప్పటినుంచి అమ్మాయి అందరి పనులూ తన మీద వేసుకుంటుంది. ఇప్పుడు ‘నేను ఎమ్మెల్యే అవుతాను, పైచదువులు వద్దు, పార్టీలో తిరుగుతాను’ అంటోంది. మా ప్రాంత నాయకుడు ఒకరు, ర్యాలీలకూ ఫ్లెక్సీలకూ 2 లక్షలు సర్దితే మండల యువజన విభాగంలో పదవి ఇప్పిస్తానన్నారు. అమ్మాయి పెళ్లికని దాచిన డబ్బు ఉంది. ఇవ్వమంటారా? అసలు మాలాంటి వాళ్లకు ఈ దారి ఉందా?

జవాబు: అమ్మా, ముందు ఆ 2 లక్షల సంగతి. ఇవ్వకండి. పార్టీ అనుబంధ విభాగంలోని పదవికి చట్టం దృష్టిలో ఏ విలువా లేదు. దానికి జీతం ఉండదు, నిర్ణీత కాలం ఉండదు. మండల అధ్యక్షుడు మారితే జాబితా మారుతుంది, అందులో మీ అమ్మాయి పేరు లేదని చెప్పేందుకు ఎవరూ మీ ఇంటికి రారు. ఆ డబ్బును పెళ్లికి వాడతారో, చదువుకు వాడతారో మీ ఇష్టం. ఫ్లెక్సీల మీద మాత్రం పెట్టకండి.

ఇక అమ్మాయి కోరిక. అది తప్పుడు కోరిక కాదు. ‘రాజకీయాలు మనకెందుకు’ అనే మాట నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. తెలంగాణ శాసనసభలో 119 స్థానాలు, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలు. మీ అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఎంత ఇవ్వాలో, మీ ఊరి రోడ్డుకు నిధులు ఉన్నాయో లేవో చివరికి తేలేది అక్కడి బడ్జెట్ ఓటింగులోనే. లారీ డ్రైవరు కూతురు అక్కడ కూర్చోవాలనుకోవడం ఈ దేశానికి కావలసిన కోరికే.

కానీ తనను ఒక్క ప్రశ్న అడగాలి, అదీ నెమ్మదిగా, తండ్రి ఇంట్లో ఉన్న రోజున: ‘ఓడిపోయిన మర్నాడు ఏం చేస్తావు?’

భయపెట్టడానికి ఈ ప్రశ్న అడగమనడం లేదు. ఈ దారిలో ఓటమి ఎప్పుడో ఒకసారి వచ్చే ప్రమాదం కాదు, నడకలో ఒక భాగం. చంద్రబాబు నాయుడు 1978లో చంద్రగిరిలో గెలిచి, 1983లో అక్కడే ఓడారు. అదే 1983లో కె. చంద్రశేఖర్ రావు సిద్దిపేటలో తొలిసారి పోటీ చేసి ఓడారు. రేవంత్ రెడ్డి 2018లో కొడంగల్‌లో ఓడి, మరుసటి ఏడాదే మల్కాజ్‌గిరి నుంచి లోక్‌సభకు వెళ్లారు. ముగ్గురూ ముఖ్యమంత్రులయ్యారు కాబట్టి ఈ ఓటములు మనకు గుర్తున్నాయి. ఓడి, అప్పు తీర్చలేక, మళ్లీ కనపడకుండా పోయినవారి పేర్లు ఎవరికీ గుర్తుండవు. నేను సలహాలిచ్చే పనిలో ఉన్నాను కాబట్టి అలాంటి ఇళ్లు నాకు తెలుసు. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు ఆపేసి ఒక నాయకుడి వెంట ఆరేళ్లు తిరిగిన కుర్రవాడు నా దగ్గరకు వచ్చాడు. నాయకుడు ఓడాడు, కార్లు వెళ్లిపోయాయి, ఇతని చేతిలో ఇంటర్ సర్టిఫికెట్ మిగిలింది. అతను తెలివైనవాడు, మాటకారి. అయినా ఇరవై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ డిగ్రీ మొదటి సంవత్సరం పుస్తకాలు పట్టుకోవడం ఎంత కష్టమో అతని ముఖం చూస్తే తెలిసింది.

ఓటమిని తట్టుకుని నిలబడిన వారిని చూస్తే, వారికి రెండు ఆసరాలు కనిపిస్తాయి: సొంతంగా బతకగల వృత్తి, జనంలో తమదైన పని. జి.ఎం.సి. బాలయోగి గారిది మీ అమ్మాయికి చెప్పవలసిన కథ. కోనసీమలో సామాన్య దళిత కుటుంబంలో పుట్టి న్యాయవాది అయ్యారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడయ్యారు. 1991లో అమలాపురం ఎంపీ, 1996లో ఓటమి. అదే ఏడాది ముమ్మిడివరం ఉప ఎన్నికలో ఎమ్మెల్యేగా గెలిచి రాష్ట్ర మంత్రి అయ్యారు. 1998లో లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్నారు. జిల్లా పరిషత్ లేకుండా ఆ తరువాతి మెట్లను నేను ఊహించలేను. సీతక్క గారు ములుగులో 2004లో ఓడారు, 2009లో గెలిచారు, 2014లో ఓడారు, 2018లో మళ్లీ గెలిచారు. ఆ గెలుపోటముల మధ్య చదువు ఆపలేదు. ఎమ్మెల్యేగా ఉంటూనే 2022లో ఉస్మానియా నుంచి పీహెచ్‌డీ పట్టా అందుకున్నారు. పైచదువులు వద్దంటున్న మీ అమ్మాయికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నేను చెప్పలేను.

అందుకే నా మొదటి సూచన: బీఏ పూర్తి కాగానే న్యాయవిద్య ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరమనండి. రాజకీయాల్లోకి వెళ్లాలంటే న్యాయశాస్త్రం చదవాలన్న నియమం ఏమీ లేదు, శాసనసభ్యులకు విద్యార్హత నిబంధనే లేదు. అయినా నేను దీన్నే ఎందుకు చెబుతున్నానంటే, వకీలు వృత్తి రాజకీయాలతో పాటు సాగుతుంది. చట్టసభల సభ్యులు ప్రాక్టీసు చేయకూడదని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018లో కొట్టివేసింది. ప్రభుత్వ ఉద్యోగం అలా కాదు. అందులో ఉండగా రాజకీయాల్లో పాల్గొనడానికి సర్వీసు నిబంధనలు ఒప్పుకోవు, పోటీ చేయాలంటే రాజీనామా చేయాలి. ఇంకొకటి, జీవో చదివి అర్థం చేసుకోగల అమ్మాయి తహసీల్దారు కార్యాలయంలో ఇంకెవరి సిఫారసూ లేకుండా నిలబడి మాట్లాడగలదు. ఊరి పనులు చేసిపెట్టే అలవాటు తనకు ఇప్పటికే ఉందన్నారు కదా, ఆ అలవాటుకు చట్టం తెలిసిన నోరు తోడవుతుంది.

ఎమ్మెల్యే పని ఏమిటో కూడా తను దగ్గరగా చూడాలి. బయటికి కనపడేది కారు, గన్‌మన్, దండలు. లోపల పని రెండు రకాలు. ఒకటి నియోజకవర్గంలో: తెల్లవారకముందే గుమ్మం ముందు జనం, పింఛను రానివారు, ఆసుపత్రి ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తు పట్టుకొచ్చినవారు, పట్టాదారు పాసుపుస్తకంలో పేరు తప్పుపడినవారు, పెళ్లి పిలుపులు, చావు పరామర్శలు. మండల పరిషత్, జిల్లా పరిషత్ సమావేశాల్లోనూ ఎమ్మెల్యే సభ్యులే. ఓట్లు వచ్చేది ఈ పని వల్ల. రెండోది సభలో: ప్రశ్నోత్తరాల సమయంలో మంత్రిని నిలదీయడం, జీరో అవర్‌లో రెండు నిమిషాల్లో సమస్య చెప్పడం, బిల్లుకు సవరణ ప్రతిపాదించడం, బడ్జెట్ పద్దులపై మాట్లాడడం, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ సంస్థ నివేదికలను పరిశీలించే ప్రజా పద్దుల కమిటీలో కూర్చోవడం. ఎన్నుకున్నది ఈ పని కోసం. దీనికి చప్పట్లు తక్కువ కాబట్టి చాలామంది దీన్ని నేర్చుకోరు. నాకు బాధ కలిగించే విషయం ఇదే. మీ అమ్మాయి మిగతావారికంటే ముందుండగలిగేదీ ఇక్కడే, ఎందుకంటే దీనికి డబ్బు అక్కర్లేదు, చదవాలి. బడ్జెట్ సమావేశాలు జరిగేటప్పుడు టీవీలో ప్రత్యక్ష ప్రసారం చూసి, ఒక్క శాఖ పద్దును ఎంచుకుని నోట్సు రాసుకోమనండి. చట్టసభల పనితీరును అధ్యయనం చేసే, ఢిల్లీలోని పీఆర్ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ గురించి కూడా తెలుసుకోమనండి. 25 ఏళ్లలోపు పట్టభద్రులను ఎంపిక చేసి, పార్లమెంటు సభ్యులకు సహాయకులుగా పెడతారు, నెలనెలా భృతి ఇస్తారు.

మంత్రి పదవి గురించి కల ఉంటే ఒక లెక్క చెప్పండి. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం, ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య సభ సభ్యుల్లో 15 శాతం మించకూడదు. తెలంగాణలో 18, ఆంధ్రప్రదేశ్‌లో 26 దాటడానికి వీల్లేదు. గెలిచినవారిలోనూ ఎక్కువమంది మామూలు సభ్యులుగానే ఉంటారు. ఆ సభ్యత్వమే తృప్తినిచ్చే పని అనిపించకపోతే ఈ దారి వద్దు. ఇల్లెందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు ఒక్కసారీ మంత్రి కాలేదు. అయినా ఆయన పేరు చెబితే రెండు రాష్ట్రాల్లోనూ గౌరవంగా తల ఊపుతారు.

శాసనసభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి. పంచాయతీకి 21 చాలు. అంటే పంచాయతీకి పోటీ చేసే వయసు తనకు వచ్చే ఏడాదికే వస్తుంది. సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి పార్టీ తన అభ్యర్థికి ఇచ్చే బీ-ఫారం కోసం ఎవరి దగ్గరా కాచుకోనక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకే. ఏ వార్డు ఎవరికి రిజర్వు అవుతుందో చివరిదాకా తేలదు, దానికి సిద్ధంగా ఉండాలి. వార్డు సభ్యురాలిగా అయిదేళ్లు చేసి తీర్మానాలు, పంచాయతీ ఖాతాలు, గ్రామసభ అర్థమైతే, ఆ అనుభవం యువజన విభాగం పదవి ఎన్నటికీ ఇవ్వలేనిది.

పార్టీలో చేరవద్దని నేను అనను. చేరమనండి, కానీ ఫ్లెక్సీలో ఫొటో కోసం కాకుండా బూత్ పని కోసం చేరమనండి. ఓటరు జాబితాలో చనిపోయినవారి పేర్లు తీయించడం, 18 నిండినవారితో కొత్త ఓటరుగా చేరే ఫారం-6 నింపించడం, పోలింగ్ రోజున ఏజెంటుగా కూర్చుని సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే ఫారం 17సి చేతికి తీసుకోవడం. ఒక్క ఎన్నికలో ఇలా పనిచేస్తే తన బూత్‌లో ఏ వీధి ఎటు ఓటేస్తుందో తనకే తెలుస్తుంది. పార్టీలో అంతకంటే గట్టి పరపతి ఇంకొకటి లేదు.

డబ్బు మాట కూడా చెప్పాలి. చట్టం ప్రకారం చూస్తే ఈ తలుపు పేదలకు మూసిలేదు. అసెంబ్లీ నామినేషన్‌కు డిపాజిట్ 10 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5 వేలు. చెల్లిన ఓట్లలో ఆరోవంతు కంటే ఎక్కువ వస్తే అది తిరిగి వస్తుంది. గుర్తింపు పొందిన పార్టీ టికెట్టు ఉంటే నామినేషన్ మీద సంతకం చేసే ప్రతిపాదకుడు ఒక్కరు చాలు, స్వతంత్రులకైతే పదిమంది కావాలి. అభ్యర్థి ఖర్చుకు మన రెండు రాష్ట్రాల్లో పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు కావచ్చు. అసలు ఖర్చు ఈ గీత దగ్గర ఆగుతుందా అంటే, ఊళ్లో ఎవరిని అడిగినా మీకు జవాబు దొరుకుతుంది. అందుకే ఒక నియమం ఇంట్లో ఇప్పుడే పెట్టుకోండి: ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి పోటీ చేయడం ఉండదు. ఆ నియమానికి లోబడితే టికెట్టు ఆలస్యం కావచ్చు. కానివ్వండి.

కేసుల విషయంలో జాగ్రత్త. ధర్నాలో పాల్గొనడం హక్కే, కానీ ముందు నడిచే నాయకులకు న్యాయవాదులు ఉంటారు, వెనక నడిచే పిల్లలకు ఉండరు. నమోదైన కేసులు పోలీసు విచారణల్లో, రేపు నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో కనపడతాయి. రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే ఆ రోజునుంచే అనర్హత, విడుదలయ్యాక మరో ఆరేళ్లు కూడా. రాళ్లు విసిరే గుంపు కనపడితే అక్కడినుంచి వచ్చేయమనండి.

ఆడపిల్ల కాబట్టి టికెట్టు రాదేమో అనే భయం కూడా మీకు ఉండవచ్చు. 2023లో చేసిన 106వ సవరణ శాసనసభల్లో మూడోవంతు స్థానాలు మహిళలకు కేటాయించింది. జనగణన, ఆ తరువాత నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలు కావాలని అందులో ఉంది కాబట్టి ఆ తేదీ మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. కానీ అది అమలైన రోజున ప్రతి పార్టీ పనిచేసిన మహిళల కోసం వెతుకుతుంది. అప్పటికి మీ అమ్మాయి చేతిలో వకీలు పట్టా, వెనక కొన్నేళ్ల పంచాయతీ పని ఉండాలని నా కోరిక.

ఇప్పటికి పరీక్షలు రాయనివ్వండి. ఆ నాయకుడికి మీరు కాదు, తనే వెళ్లి చెప్పాలి: ‘డబ్బు ఇవ్వలేము, మా బూత్ పని అప్పగించండి’ అని. ఆయన ఏమన్నారో, తను ఏ వీధి ఓటరు జాబితా పట్టుకుందో ఈసారి ఉత్తరం తననే రాయమనండి.