నాన్న ఇంకా రాలేదేంరా?

ప్రశ్న: అమ్మకు 76 ఏళ్లు, అల్జీమర్స్. నాన్న పోయి ఆరేళ్లయింది. రోజూ దీపాలు పెట్టే వేళకి "మీ నాన్న ఇంకా రాలేదేంరా" అంటుంది. పోయారని చెబితే అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది. వస్తారంటే వెళ్లి గేటు దగ్గర నిలబడుతుంది. ఏం చెప్పను?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆవిడకి అది నిజంగా అప్పుడే విన్న కబురు. ఈ జబ్బు తొలినాళ్లలోనే దెబ్బతీసేది మెదడులో కొత్త సంగతులు దాచుకునే హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని. మీ మాట నిలవదు, అది తెచ్చిన దిగులు మాత్రం మాట మరిచాక కూడా ఉండిపోతుంది. కాబట్టి చావు కబురు రోజూ చెప్పకండి. "వస్తారు" అనీ అనకండి, ఆ మాటే ఆవిణ్ని గేటు దాకా పంపుతోంది.

టీవీ కట్టేసి, ఎదురుగా వచ్చి, ఆవిడ కళ్లకు సమానంగా కూర్చోండి. "నాన్న గుర్తొచ్చారా అమ్మా? ఆయన కాఫీ ఎలా తాగేవారు?" అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు మెదపొద్దు. జవాబు రాకపోతే మళ్లీ అవే మాటలు. అందరం చేసే పొరపాటు మాట మార్చి అడగడం, ఆవిడకి అది ఇంకో కొత్త ప్రశ్న. కాసేపు చెప్పనిచ్చాక చిక్కుడుకాయలు ముందు పెట్టి ఈనెలు తీయమనండి. చేతుల అలవాటు చాలాకాలం పోదు. "పోయారా?" అని తనే సూటిగా అడిగిన రోజున మాత్రం చెయ్యి పట్టుకుని అవునని చెప్పండి.

చీకటి పడకముందే లైట్లన్నీ వెయ్యండి, నీడలు భయపెడతాయి. చెవి మిషను బ్యాటరీ, చెవిలో గులిమి కూడా చూడండి. వినపడకపోవడాన్ని మతిమరుపు కింద జమకట్టేస్తుంటారు. ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక పెరిగితే ఆ నేరం అల్జీమర్స్ మీద వెయ్యొద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు చాలకపోవడం, కొత్తగా వేసిన జలుబు మాత్ర, ఏదైనా కావచ్చు. ఆ రోజే డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: మా అమ్మకీ ఇదే మతిమరుపు. చుట్టాలొచ్చి "నేనెవరో చెప్పు పెద్దమ్మా" అని ఆవిడకి పరీక్ష పెడుతున్నారు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆ పరీక్షలో తప్పితే మిగిలేది సిగ్గు, ఆపైన కోపం. గడపలోనే చెప్పండి: "పెద్దమ్మా, నేను సుజాతని, మీ చెల్లెలి కూతుర్ని" అని వాళ్లే ముందు అనాలి. ఇద్దరికి మించి చుట్టూ చేరొద్దు. "ఏం తింటావు" అనడం కన్నా అరటిపండు, బిస్కెట్టు రెండూ చూపించి "ఏది కావాలి" అంటే వేలు పెట్టి చూపిస్తుంది.