హెర్నియా ఆపరేషన్ గురించి పెద్దమ్మ ఉత్తరం

బాబూ,

నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి నీ మీదే ధ్యాస. కాశీనగర్‌లో కొట్టు పెట్టుకుని రోజూ బియ్యం బస్తాలెత్తుతూ, గజ్జల్లో ఉబ్బు వస్తే ఇన్నాళ్లు దాచుకుంటావా? ఇందులో సిగ్గుపడేదేముంది? మగవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గజ్జల హెర్నియా వస్తుంది. బరంపురంలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా ఎంతమందిని చూశానో.

పొట్ట గోడ బలహీనపడిన చోట సందు ఏర్పడి, లోపలి కొవ్వో పేగో బయటకు తోసుకురావడమే హెర్నియా. బొడ్డు దగ్గర, పాత కుట్ల దగ్గర కూడా వస్తుంది. నువ్వు నిలబడి గట్టిగా దగ్గి చూడు. ఉబ్బు మీద చెయ్యి పెడితే లోపల్నుంచి తోస్తున్నట్టు తెలుస్తుంది. వెల్లకిలా పడుకుంటే లోపలికి జారిపోతుంది. మనది బోదకాలు ఉన్న ప్రాంతం కాబట్టి వరిబీజం కూడా ఎక్కువే. అది వృషణాల సంచిలో నీరు చేరడం, పెద్దవాళ్లలో పడుకున్నా సాధారణంగా తగ్గదు. రెండూ ఒకటేనని పసరు కట్టేవాళ్ల మాట వినకు. ఏది ఏదో సర్జన్ చూసి తేల్చాలి.

బెల్టు కొంటానన్నావు. బెల్టు ఉబ్బును అదిమి ఉంచుతుంది గానీ సందును మూయదు. మాత్రలకూ మూసుకోదు. నొప్పి లేకపోతే కొన్నాళ్లు ఆగి చూద్దామని డాక్టరే అనొచ్చు, అది వేరు. నీకు బరువెత్తినప్పుడు లాగుతోంది కదా, ఇక ఆలస్యం చెయ్యకు.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచు. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, విపరీతమైన నొప్పి, వాంతులు వచ్చినా, అపానవాయువు ఆగిపోయినా తెల్లారేదాకా చూడకండి. పేగు ఇరుక్కుని రక్తం అందకపోతే గంటల్లోనే కుళ్లిపోతుంది. అర్ధరాత్రి బండి వెతుక్కుని ఆ స్థితిలో వచ్చినవాళ్లను చూశాను. ముందే చేయించుకుంటే తేలిగ్గా అయిపోయేది, అప్పుడు పేగు ముక్క కోసి తీయాల్సి వచ్చింది. నిన్ను తొందరపెట్టేది అందుకే.

ఇక నువ్వడిగిన లాప్రోస్కోపీ, అంటే చిన్న కోతలతో కెమెరా పెట్టి చేసే ఆపరేషన్. బొడ్డు దగ్గర సుమారు సెంటీమీటరు కోత, కింద ఇంకో రెండు అర సెంటీమీటరువి. ఒకదాంట్లోంచి కెమెరా పెట్టి, లోపల పని చెయ్యడానికి చోటు కోసం కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారు. పేగును వెనక్కి లాగి, కండరం లోపలివైపు మెష్ పరుస్తారు. అది దోమతెర గుడ్డలా ఉండే పాలీప్రొపిలీన్ వల, సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు. చుట్టూ కండ అందులోకి అల్లుకుని గట్టిపడుతుంది. నొప్పి తక్కువ, పనిలోకి త్వరగా వెళ్లొచ్చు. రెండు వైపులా ఉన్నా, పెద్ద కోత పెట్టి చేసింది తిరగబెట్టినా ఇదే మేలు. అయితే దీనికి సాధారణంగా పూర్తి మత్తు ఇవ్వాలి. గుండె, ఊపిరితిత్తులు బాగోలేనివాళ్లకు పెద్ద కోత పెట్టి, వెన్నులో ఇంజక్షన్‌తో చెయ్యడమే మంచిది. అందులోనూ మెష్ వేస్తారు, అది తక్కువ రకం వైద్యమేమీ కాదు. ఇలాంటివి ఎక్కువగా చేసిన సర్జన్ దొరకడమే నాకు ముఖ్యం.

పర్లాకిమిడిలో చూపించుకున్నా, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వచ్చినా, మధుమేహం, రక్తం పలచబడే మాత్రల సంగతి దాచకు. సంతకం పెట్టే కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే చదివించుకుని, అర్థమయ్యాకే పెట్టు. ఆయుష్మాన్ కార్డు అక్కడ పనికొస్తుందో లేదో ముందే కనుక్కో. చుట్ట ఈరోజే మానెయ్. దగ్గుతూ, మలబద్ధకంతో ముక్కుతూ ఉంటే వేసిన మెష్ మీదే ఒత్తిడి పడుతుంది.

ఆపరేషన్ రోజునే లేచి నాలుగడుగులు వేయిస్తారు, భయపడకు. ఆ చోట కొన్నాళ్లు కాస్త వాపు ఉండొచ్చు. జ్వరం వచ్చినా, చీము కనిపించినా, మూత్రం రాకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లు. బస్తాల జోలికి మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు వెళ్లొద్దు. అన్నాళ్లకూ కొట్టులో కూలీని మాట్లాడుకో, డబ్బు తక్కువైతే నన్నడుగు.

ఏ రోజు డాక్టరు దగ్గరికి వెళ్తావో ఆదివారంలోగా ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ