గాలి పైపు మార్చాక బండి మొరాయిస్తే

చి॥ అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్కానర్ ఫోటో చూశాను. పెట్రోలు బండి, కంపెనీ ఫిల్టర్ బాక్సు పీకేసి కోన్ ఫిల్టరూ అల్యూమినియం పైపూ వేశారు. మర్నాటి నుంచి చెక్ ఇంజన్ లైటు, స్లోలో, అంటే పెడలు వదిలేసి ఇంజన్ తిరిగేటప్పుడు, ఊగిసలాట, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం. కోడ్ పి0171, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని. గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ కొత్తది తెప్పించనా అని అడిగావు. తెప్పించకు. నిన్నటిదాకా పనిచేసిన సెన్సార్ సరిగ్గా పైపు మార్చిన రోజే చావడం అరుదు. ఒకవేళ చచ్చినా బిగించినవాడి చేతుల్లోనే చచ్చి ఉంటుంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు కస్టమర్ దగ్గర పాత బాక్సు ఉందేమో అడుగు. ఉంటే పావుగంటలో తిరిగి బిగించి కోడ్ తుడిచి నడిపి చూడు. రోగం పోతే వెతకాల్సింది కొత్త పైపులోనే. పోకపోతే అది ముందునుంచీ ఉన్న జబ్బు, పైపు మీద నింద పడిందంతే.

మాఫ్ సెన్సార్ లోపల కరెంటుతో వేడెక్కే సన్నటి తీగ ఉంటుంది. గాలి తగిలితే అది చల్లబడుతుంది. మళ్ళీ అదే వేడికి తేవడానికి పట్టిన కరెంటును బట్టి సెకనుకు ఎన్ని గ్రాముల గాలి పోయిందో కంప్యూటర్ లెక్క కడుతుంది. ఆ గాలిలో 14.7 పాళ్ళకు ఒక పాలు పెట్రోలు వదులుతుంది. సెన్సార్ దాటాక దొంగదారిన దూరిన గాలి ఈ లెక్కకు రాదు. సైలెన్సర్ వైపున్న ఆక్సిజన్ సెన్సార్ తేడా పసిగడితే కంప్యూటర్ పెట్రోలు పెంచుతూ పోతుంది. ఆ పెంపే ఫ్యూయల్ ట్రిమ్. చాలా బండ్లలో అది ప్లస్ 25 శాతం దరిదాపులకు వెళ్ళాక ఇక నావల్ల కాదని లైటు వెలిగిస్తుంది.

నీ ఫోటోలో స్లోలో తీసిన రీడింగు ఒక్కటే ఉంది, ప్లస్ 23. అది సగం సమాచారం. ఇంజన్ బాగా వేడెక్కాక, ఏసీ కట్టేసి, షార్ట్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ ట్రిమ్ (గుర్తుపెట్టుకున్న సవరణ) రెండూ కూడి రాసుకో. తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచి మళ్ళీ రాసుకో. స్లోలో 23 ఉన్నది 2500 దగ్గర 5కి దిగితే ఎక్కడో గాలి లీకు. స్లోలో ఇంజన్ పీల్చేదే కొంచెం కాబట్టి చిన్న చిల్లు కూడా పెద్దగా కనిపిస్తుంది, ఎక్కువ పీల్చేటప్పుడు అదే చిల్లు లెక్కలోకి రాదు. రెండుచోట్లా ఒకేలా ఉండి, రోడ్డు మీద లోడ్ పడ్డా తగ్గకపోతే లీకు వెతుకుతూ టైము పాడుచేసుకోకు, పైపు కొలత చూడు. ప్లస్ మైనస్ 10 లోపు ఉంటే అసలు పట్టించుకోవద్దు.

లీకు అయితే మొదటి అనుమానం బ్రీదర్ పైపు మీద పెట్టుకో. వాల్వ్ కవర్ నుంచి పాత గాలి గొట్టానికి వేలెడు లావు రబ్బరు పైపు ఒకటి వచ్చేది. కొత్త పైపులో దానికి మూతి ఉండదు, లేదా సైజు కలవదు. బిగించినవాడు దాన్ని అలా వదిలేస్తాడు, లేకపోతే షోకు కోసం చివర బుల్లి ఫిల్టర్ తగిలిస్తాడు. అప్పుడు లెక్కలేని గాలి ఆ పైపులోంచి ఇంజన్ కడుపులోకి, అక్కణ్ణించి ఇంజన్ కడుపులోని ఆవిరిని వదిలే పీసీవీ వాల్వు గుండా, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లోకి పోతుంది. మాఫ్ ఉన్న బండికి ఆ పైపు మాఫ్‌కూ, పెడలు తొక్కితే తెరుచుకునే త్రాటిల్ బాడీకీ మధ్యలోనే కలవాలి. మూతి లేకపోతే పైపు బండి మీంచి తీసి బయట వెల్డింగ్ చేయించు. లోపలి రజను ఒక్క రేణువు కూడా మిగలకుండా కడిగాకే బిగించు.

తర్వాత సిలికాన్ జాయింట్లు. పైపు జాయింటులోకి కనీసం 25 మిల్లీమీటర్లు దూరాలి, క్లాంపు పైపు అంచు మీద కాకుండా అంచు దాటి లోపలికి కూర్చోవాలి. స్క్రూ డ్రైవర్‌తో చేతి బిగువు చాలు, రాచెట్ వేసి లాగితే సిలికాన్ తెగుతుంది. పైపు విప్పి, షెడ్డు షట్టర్ దించి చీకటి చేసి, పైపు లోపల టార్చి పెట్టి తిప్పు. వెలుతురు కనిపించినచోట గాలీ దూరుతుంది. త్రాటిల్ బాడీ దాటాక ఉన్న సన్న వాక్యూమ్ గొట్టాలను వేలితో తడిమి చూడు. పాత బాక్సు లాగేటప్పుడు వాటిలో ఒకటి ఊడటం మామూలే. కార్బ్ క్లీనర్ కొట్టి లీకు పట్టే అలవాటు వేడి ఇంజన్ మీద వద్దు, నిప్పంటుకుంటుంది. స్మోక్ మెషీన్ లేకపోతే స్ప్రే బాటిల్‌తో నీళ్ళు సన్నగా కొట్టు, లీకున్న చోట తగిలితే ఇంజన్ స్వరం మారుతుంది. ఇగ్నిషన్ కాయిల్స్ మీద మాత్రం పడనీకు.

ఇక పైపు కొలత. పాత గొట్టంలో సెన్సార్ కూర్చున్న చోట లోపలి వ్యాసం వెర్నియర్‌తో తియ్యి. ఉదాహరణకు అది 60 మిల్లీమీటర్లు, కొత్తది 70 అనుకుందాం. పది మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ వైశాల్యం 36 శాతం పెరిగింది. అదే గాలి వెడల్పు దారిలో నిదానంగా పోతుంది, తీగ తక్కువ చల్లబడుతుంది, సెన్సార్ పావు వంతుకు పైగా తక్కువ చెప్తుంది. దాన్ని పూడ్చాలంటే ట్రిమ్ ప్లస్ 36 కావాలి, కంప్యూటర్‌కు అంత చోటు ఉండదు. పెడలు పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సార్ మాట వినడం మానేస్తుంది. పెట్రోలు చాలని ఇంజన్ అప్పుడే నాకింగ్ కొడుతుంది, పిస్టన్లు పోయేది కూడా అక్కడే. దీనికి మందు సెన్సార్ ఉన్న ముక్క వరకు కంపెనీ సైజు గొట్టమే ఉంచడం, లేదా తెలిసినవాడి చేత రీమ్యాప్, అంటే కంప్యూటర్ లెక్కలు మార్పు, చేయించడం. వంపు పక్కనే సెన్సార్ పెట్టినా, బాణం గుర్తు తిరగేసి పెట్టినా రీడింగు నిలకడగా రాదు.

ఇప్పుడు బిగించినవాడి చేతులు. ఉతికి వాడే కాటన్ ఫిల్టర్‌కు ఆయిలు దండిగా పోస్తే అది ఎగిరి తీగకు పట్టి రీడింగు తప్పుతుంది. మాఫ్ క్లీనర్ అని అమ్మే స్ప్రేనే వాడు. పెట్రోలు, కార్బ్ క్లీనర్ వద్దు. గుడ్డ, బడ్స్, వేలు ఏదీ తీగకు తగలకూడదు. పావుగంట ఆరనిచ్చి, ప్లగ్గు పిన్నులు వంగలేదని చూసుకుని పెట్టు. చాలా 1.5 లీటర్ ఇంజన్లకు వేడెక్కాక స్లోలో సెకనుకు 2 నుంచి 4 గ్రాములు రావాలి.

గాలి వేడి సెన్సార్‌నూ ఒకసారి చూడు. మే నెలలో విజయవాడలో మైనస్ 40 డిగ్రీలు చూపిస్తుంటే దాని ప్లగ్గు పెట్టడం మర్చిపోయారన్నమాట, పి0113 కూడా పడుతుంది. మన చిన్న పెట్రోలు బండ్లు చాలావాటికి మాఫ్ ఉండదు, మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. వాటిలో త్రాటిల్‌కు ముందు లీకున్నా లెక్క చెడదు, కానీ ఆ చిల్లులోంచి ఫిల్టర్ కాని దుమ్ము పోతుంది.

కోడ్ లేకుండా పికప్ లేదు అంటే ఫిల్టర్ ఎక్కడ కూర్చుందో చూడు. రేడియేటర్ వెనక, వేడి గాలిలో ఉంటే 30 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలి పీలుస్తుంది, అంటే తొమ్మిది శాతం పలచటి గాలి. చప్పుడు పెరిగిందని పవర్ పెరిగిందనుకుంటారు పిల్లలు. మధ్యలో రేకు అడ్డం పెట్టించు. అలాగని బంపర్ అడుగుకు దించకు, హైదరాబాద్ వానలకు అండర్‌పాస్‌లో నీళ్ళు పీలిస్తే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. అలా ఆగిన బండికి సెల్ఫ్ కొట్టనివ్వకు, స్పార్క్ ప్లగ్గులు విప్పి క్రాంక్‌ను చేత్తో తిప్పి నీళ్ళు కక్కించాలి.

పని అయ్యాక స్కానర్‌తో కోడ్, ట్రిమ్ రెండూ తుడిచి, ఊళ్ళోనూ హైవే మీదా కలిపి ఒక 50 కిలోమీటర్లు నడపమను. వారం తర్వాత పైపు విప్పి ఫిల్టర్ దాటిన చోట తెల్లగుడ్డతో తుడువు. గుడ్డకు ఎర్రమట్టి అంటితే ఆ ఫిల్టర్ పారేసి, పాత బాక్సు పెట్టేసుకోమని చెప్పు, కస్టమర్ మొహం మాడ్చుకున్నా సరే. వారంటీలో ఉన్న బండైతే పాత బాక్సే ఉంచుకోమని ముందే చెప్పాల్సింది.

2500 దగ్గర రీడింగూ, రెండు గొట్టాల లోపలి కొలతలూ రేపు పంపు.

ఇట్లు
మామయ్య