ఇంగ్లీషు మాటని ఒంటరిగా నేర్చుకోకు

చిరంజీవి చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు. రెండు నెలల్లో వెయ్యి ఇంగ్లీషు నామవాచకాలు, అవీ పెద్ద పెద్దవి, నేర్చేసుకుంటానని రాశావు. నీ పట్టుదల బాగుంది. ఆ వెయ్యి లెక్క మాత్రం పక్కన పెట్టమ్మా. నీ వయసులో నేనూ డిక్షనరీ ముందేసుకుని నోట్‌బుక్కులు నింపాను. ఎడమవైపు మాట, కుడివైపు తెలుగు అర్థం. అడిగితే అర్థాలు టకటకా చెప్పేదాన్ని. తీరా ఒక ఉత్తరం రాయబోతే వాటిలో ఒక్కటీ కలంలోకి దిగేది కాదు. ఏ మాట పక్కన దేన్ని కూర్చోబెట్టాలో నాకెవరూ చెప్పలేదు.

ఇంగ్లీషు నామవాచకం ఒంటరిగా తిరగదు. ముందో క్రియ, వెనకో ప్రిపొజిషన్ తోడుంటాయి. 'డిస్క్రెపెన్సీ' తీసుకో. 'తేడా' అని రాసుకుంటే సగమే తెలిసినట్టు. ఒకేలా ఉండాల్సిన రెండింటి మధ్య తేలిన తేడా అది. బిల్లులో ఒక మొత్తం, ఖాతాలో ఇంకో మొత్తం ఉంటే డిస్క్రెపెన్సీ. అక్కకీ చెల్లికీ ఎత్తులో తేడా ఉంటే అది ఉత్త డిఫరెన్సే. 'వి నోటీస్డ్ ఎ డిస్క్రెపెన్సీ బిట్వీన్ ది టూ రిపోర్ట్స్' అనే వాక్యం మొత్తంగా నోట్లో నానాలి. అలాగే కన్సెన్సస్‌కి (ఏకాభిప్రాయం) 'రీచ్', అబ్జెక్షన్‌కి 'రెయిజ్', కంక్లూజన్‌కి 'డ్రా' తోడు. యాక్సెస్ తర్వాత 'టు', డిమాండ్ తర్వాత 'ఫర్', ఇంపాక్ట్ తర్వాత 'ఆన్'. జంటగానే రాసుకో.

మనకి కాలుజారే చోటు ఇంకోటుంది. తెలుగులో సలహాలు, ఆధారాలు, సామాన్లు, పరికరాలు అని హాయిగా బహువచనం పెట్టేస్తాం. అదే అలవాటుతో ఎడ్వైస్, ఎవిడెన్స్, లగేజ్, ఎక్విప్‌మెంట్‌లకీ చివర ఎస్ తగిలిస్తాం. ఆ నాలుగింటికీ ఎస్ రాదు. ఒక్క సలహా అనాలంటే 'ఎ పీస్ ఆఫ్ ఎడ్వైస్' అనాలి. ఎంత గొప్ప మాట వాడినా ఈ ఒక్క ఎస్ దగ్గర దొరికిపోతాం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాటలు ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలని అడిగావు కదా. యావెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ చూడు. చదువుల పుస్తకాల్లో పదే పదే కనబడే 570 పద కుటుంబాలు అందులో ఉన్నాయి. కుటుంబం అన్నది గమనించు: 'అసెస్' తెలిస్తే 'అసెస్‌మెంట్', 'ఇంప్లిమెంట్' తెలిస్తే 'ఇంప్లిమెంటేషన్' దానంతటదే వస్తుంది. అలాగని ప్రతి క్రియనీ నామవాచకంగా మార్చేయకు. 'డిసైడెడ్' అంటే సరిపోయే చోట 'మేడ్ ఎ డెసిషన్' అంటూ పోతే వాక్యం బరువెక్కుతుంది.

రోజుకి మూడు మాటలు చాలు. మర్నాడు, మళ్లీ మూడో రోజు, ఆ తర్వాత వారానికి పేజీ మూసేసి, ఒక్కో మాటతో నీ సొంత వాక్యం రాయి. చదివినదాన్నే మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుందంతే. గుర్తు రాక తడుముకుని తెచ్చుకున్న మాటే నిలుస్తుంది. టెన్షన్ పడకు, మొదటి వారం అందరికీ అలాగే ఉంటుంది.

వచ్చే ఉత్తరంలో 'డిస్క్రెపెన్సీ'తో నువ్వు రాసిన మూడు వాక్యాలు పంపు. దిద్ది పంపిస్తాను.

నీ పెద్దమ్మ