పెంపుడు బాల్ పైథాన్‌కు పెట్టె ఎలా ఉండాలి?

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర పల్లె. మామిడి తోట, నాలుగు గేదెలు ఉన్నాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి కొన్నేళ్లుగా బాల్ పైథాన్ అనే విదేశీ పామును పెంచుకుంటోంది. ఆడది, మూడున్నర అడుగుల పొడవు, కిలోకు కాస్త ఎక్కువ బరువు ఉంటుంది. ఇప్పుడు పై చదువుకు విదేశం వెళ్తూ దాన్ని మా దగ్గర ఉంచుతానంటోంది. మా ఇంట్లో మూడడుగుల పాత చేపల తొట్టె, లవ్ బర్డ్స్ పెంచిన ఇనుప వల పంజరం ఉన్నాయి. గొడ్ల కొట్టం పక్క గదిలో వీటిలో ఏదైనా పెట్టి, కోడిపిల్లల బ్రూడరుకు వాడిన 200 వాట్ల బల్బు వేలాడదీస్తే సరిపోతుందా? లేక వడ్రంగి చేత కొత్తగా చేయించమంటారా?
– ఒక మామిడి రైతు, ఏలూరు జిల్లా

జవాబు: మీరు చెప్పిన రెండింటిలో ఏదీ ఈ పాముకు శాశ్వత నివాసంగా పనికిరాదు. ఆ గదీ, ఆ బల్బూ కూడా పనికిరావు. వడ్రంగి చేత కొత్తగా చేయించడమే మేలు. అయితే కొలతలు ఇచ్చి పని మొదలుపెట్టించే ముందు, పెట్టెను ఇంట్లో ఏ గదిలో ఉంచబోతున్నారో తేల్చుకోండి. ఈ పాముల పెంపకం గురించి దొరికే సలహాలు చాలావరకు చలి దేశాల వారు రాసినవి కావడం వల్ల, వాటిలో వేడి ఎలా అందించాలన్నదే పెద్ద విషయంగా కనిపిస్తుంది. మీ ప్రాంతంలో మార్చి నుంచి జూన్ దాకా మీకు ఎదురయ్యే సమస్య వేడిని ఎలా తగ్గించాలన్నది.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి మైదానాల పాము. సెనెగల్ మొదలు ఉగాండా వరకు ఉంటుంది. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి దశాబ్దాలుగా పెంపుడు జంతువుల వ్యాపారానికి ఎగుమతి అవుతోంది. పగలంతా ఎలుకల బొరియల్లోనో, పాడుబడిన చెదల పుట్టల్లోనో ముడుచుకుని పడుకుని, చీకటి పడ్డాక వేటకు కదులుతుంది. పైన ఎండ ఎంత మండినా బొరియ లోపల చల్లదనం, తేమ నిలిచి ఉంటాయి. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు కాబట్టి, వేడి కావలసినప్పుడు వెచ్చని చోటికి, చాలనుకున్నప్పుడు చల్లని చోటికి జరిగి సర్దుకుంటుంది. అందువల్ల పెట్టెలో ఒక కొస వెచ్చగా, మరో కొస చల్లగా ఉండి తీరాలి, రెండు కొసల్లోనూ దాక్కునే చోటు ఉండాలి, లోపలి తేమ నిలవాలి, తల దూరే సందు ఎక్కడా ఉండకూడదు. ఈ నాలుగూ కుదరని పెట్టెకు ఎంత ఖర్చు పెట్టినా వృథాయే.

వెచ్చని కొసలో 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని కొసలో 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. రాత్రి వేళ 23 డిగ్రీల కంటే తగ్గనివ్వకండి. 35 దాటిన వేడిలో తప్పించుకునే చోటు లేకపోతే పాము ప్రాణానికే ముప్పు. ఇప్పుడు మీ గదిని తలచుకోండి. మే నెలలో బయట 43, 44 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం, రేకుల కప్పు కింద ఉన్న గది లోపలే 38 డిగ్రీలు ఉంటే, దానిలో పెట్టిన ఏ పెట్టెలోనూ చల్లని కొస అనేది ఉండదు. పెట్టె గది కంటే చల్లగా ఉండటం సాధ్యం కాదు. కాబట్టి ఇంటి లోపల, కింది అంతస్తులో, పడమటి ఎండ గోడకు తగలని గదిని ఎంచుకోండి. వేసవిలో ఎయిర్ కూలర్ వాడితే అది గది తేమను కూడా పెంచుతుంది. ఫర్వాలేదు గానీ ఆ గాలి నేరుగా పెట్టె మీదికి కొట్టకూడదు. ఏసీ ఉన్న గదిలో 27 డిగ్రీల వద్ద ఉంచితే పెట్టెలోని హీటరు యథాప్రకారం పని చేయాలి. కిటికీ పక్కన మాత్రం పెట్టవద్దు. అద్దం మీద నేరుగా ఎండ పడితే కొద్ది నిమిషాల్లోనే లోపల భరించలేని వేడి పుడుతుంది.

ఇక చేపల తొట్టె సంగతి. దానికి పొడవూ చాలదు, వెడల్పూ చాలదు. మూడడుగుల తొట్టెలో మూడున్నర అడుగుల పాము ఒళ్లు చాచుకోలేదు, వెచ్చని కొసకూ చల్లని కొసకూ మధ్య తేడా నిలవదు. పైకప్పుగా వల పెడితే వేడి గాలితో పాటు తేమ అంతా ఎగిరిపోతుంది. నాలుగు వైపులా అద్దమే ఉండడం వల్ల పాము ఎప్పుడూ బెదురుతూ ఉంటుంది, బెదిరిన బాల్ పైథాన్ మొట్టమొదట మానేసేది తిండి. అయినా దాన్ని పారేయకండి. మూడు వైపులా మందపాటి కాగితం అంటించి, మూతలో ముప్పావు వంతు మూసి, బిగించే క్లిప్పులు పెడితే పెట్టెను శుభ్రం చేసే రోజున, లేదా చికిత్స సమయంలో విడిగా ఉంచడానికి అది అక్కరకు వస్తుంది. పక్షుల పంజరాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. అందులో వేడి గానీ తేమ గానీ నిలవవు. పాము రాత్రంతా వలకు ముక్కు రాసుకుని పుండు చేసుకుంటుంది, ఆ పుండు నోటిలోకి పాకితే నయం చేయడం కష్టం.

కొందరు పెంపకందారులు ఈ పాములను ప్లాస్టిక్ డబ్బాల్లో, అరల వరుసల్లో ఉంచుతారు. తేమ బాగా నిలుస్తుంది కాబట్టి పిల్లలకు, కొత్తగా తెచ్చిన వాటికి అవి కొంతకాలం సరిపోతాయి. జీవితాంతం అలా ఉంచడం నాకు సమ్మతం కాదు.

కొత్త పెట్టెకు లోపలి కొలతలు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఇవ్వండి. పాము పూర్తిగా సాగినప్పుడు కనీసం పెట్టె పొడవులోనైనా పట్టాలన్నది ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు పాటించే కొలమానం. ఆడవి నాలుగు, ఒక్కోసారి ఐదు అడుగుల దాకా పెరుగుతాయి కాబట్టి, స్థలం ఉంటే మరో అడుగు పొడవు పెంచినా నష్టం లేదు. తలుపు ముందు వైపు ఉండాలి. నేల మీద బతికే ఈ పాముకు పైనుంచి దిగే చెయ్యి గద్దలా అనిపిస్తుంది. ఎదురుగా నెమ్మదిగా వచ్చే చేతికి తొందరగా అలవాటు పడుతుంది. చెక్క కోసం నీటికి ఉబ్బని మెరైన్ ప్లైవుడ్ వాడి, లోపలి వైపు సన్‌మైకా అతికించి, మూలలన్నీ సిలికాన్‌తో పూడ్పించండి. ఇలా చేయకపోతే రెండు వర్షాకాలాలకే అడుగు చెక్క ఉబ్బి, బూజు పడుతుంది. ఈ పాములు మామూలుగానే 20 నుంచి 30 ఏళ్లు బతుకుతాయి. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలలో కనీసం 62 ఏళ్ల వయసున్న ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టిన ఉదంతం కూడా ఉంది. కాబట్టి చెక్క దగ్గర పొదుపు చేయకండి. జిగురు, సిలికాన్ వాసన పూర్తిగా పోయే వరకు, అంటే కనీసం రెండు వారాలు, పెట్టెను తలుపులు తెరిచి గాలికి వదిలేయాలి.

ముందు భాగంలో అల్యూమినియం చానల్‌లో జరిగే రెండు అద్దాలు పెట్టించి, దుకాణాల షోకేసులకు వాడే తాళం బిగించండి. ఇక్కడొక చోట వడ్రంగులు పొరబడుతుంటారు. రెండు అద్దాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చే చోట పెన్సిల్ దూరేంత సందు మిగులుతుంది. పాము రాత్రిళ్లు ముక్కుతో సరిగ్గా అక్కడే తడుముతుంది, ముక్కు ఆనించి తోస్తే అద్దం జరుగుతుంది. ఆ సందులో పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ అతికించి, తాళం వేశాక మీరే వేళ్లతో తోసి చూడండి. గాలి కోసం ఒక పక్క గోడకు కింది భాగంలో, ఎదుటి పక్క గోడకు పై భాగంలో రంధ్రాలు పెట్టిస్తే చల్లగాలి కింద లోపలికి వచ్చి, వేడిగాలి పైన బయటికి పోతుంది. మీ జిల్లాలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బయటి తేమే చాలా ఎక్కువగా ఉంటుంది కనుక ఈ గాలి దారులు చాలా అవసరం. గాలి కదలని తడిలో పడుకున్న పాముకు పొట్ట పొలుసుల మీద గోధుమరంగు మచ్చలు వచ్చి కుళ్లుతాయి, ఊపిరితిత్తుల జబ్బు కూడా వస్తుంది.

బల్బు విషయానికి వస్తే, బ్రూడరులో వేడి ఎక్కువైతే పిల్లలు దూరంగా జరిగిపోవడం, తక్కువైతే దీపం కింద గుమిగూడడం మీరు చూసే ఉంటారు. పాము కూడా అలాగే జరుగుతుంది గానీ, అరుపు లేదు, పరుగు లేదు కనుక మీకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. పైగా రెండడుగుల ఎత్తు పెట్టెలో 200 వాట్ల బల్బు పామును కాల్చేస్తుంది. రాత్రంతా వెలుగు ఉంటే అది బయటికే రాదు. వెలుగు ఇవ్వని సిరామిక్ హీటరును, పాము చుట్టుకోకుండా చుట్టూ ఇనుప జాలీ బిగించి, పైకప్పుకు ఒక కొస వైపు అమర్చండి. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా ఏ హీటరూ వాడవద్దు. దాని సెన్సారు వెచ్చని కొసలోని దాగుడు గూటి ఎత్తులో ఉండాలి. వేడిచేసే రాళ్లు అంటూ అమ్ముతారు, వాటిని కొనకండి. పాము పొట్ట కాలుతున్నా అక్కడే పడుకుని ఉండిపోతుంది. రెండు కొసల్లోనూ వైరు సెన్సారు ఉన్న డిజిటల్ థర్మామీటర్లు, ఒక తేమ మీటరు పెట్టి, పాము రాకముందు కనీసం మూడు రోజులు ఖాళీ పెట్టెను నడిపి, మధ్యాహ్నం రెండు గంటలకు, తెల్లవారుజామున అంకెలు రాసుకోండి. ఆ అంకెలు కుదిరాకే పామును లోపలికి వదలండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కరెంటు పోయే అవకాశం ఉంటే హీటరును ఇన్వర్టరుకు కలపండి.

దాగుడు గూళ్లకు డబ్బు ఖర్చు చేయనవసరం లేదు. పగిలిన మట్టికుండను సగానికి కోసి, అంచులు రాయి మీద అరగదీసి బోర్లిస్తే దానికి మించిన గూడు లేదు. చుట్ట చుట్టుకున్నప్పుడు ఒంటికి అన్ని వైపులా గోడ తగిలేంత ఇరుకుగా ఉండాలి. విశాలమైన గూడు దానికి గూడుగా అనిపించదు. రెండు కొసల్లోనూ ఒకే తీరు గూడు పెట్టండి. ఒక్క వెచ్చని కొసలోనే పెడితే, ఒళ్లు వేడెక్కినా భయం కొద్దీ అక్కడే ఉండిపోతుంది. మధ్యలో ఎండు కొమ్మలు, బెరళ్లు సర్దితే పెద్ద పెట్టె కూడా దానికి బయలుగా అనిపించదు.

అడుగున కడియం నర్సరీల వారు వాడే కొబ్బరి పొట్టు రెండు మూడు అంగుళాల మందాన పరచండి. కొత్త పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, పిండి, నీడన ఆరబెట్టి వాడాలి. వరి ఊక, ఇసుక, రంపపు పొట్టు వద్దు. వాటి నుంచి నోటికి, ముక్కుకు చేరే కొద్దిపాటి దుమ్ము చాలు జబ్బు చేయడానికి. పెట్టెలో తేమ 55 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. కళ్లు పాలనీలం రంగులోకి తిరిగితే కుబుసం విడిచే సమయం దగ్గరపడిందని అర్థం. అప్పుడు తడి కొబ్బరి పీచు నింపిన మూత డబ్బాకు రంధ్రం చేసి లోపల పెట్టండి. కుబుసం కంటి పొరలతో సహా ఒకే ముక్కగా ఊడి వస్తే మీ పెట్టెలో తేమ సరిపోయిందన్నమాట. ముక్కలుగా వస్తే చాలడం లేదు. నీళ్లకు బరువైన, బోల్తా పడని పాత్ర పెట్టండి. పాము గంటల తరబడి నీళ్లలోనే పడుకుంటే పెట్టె వేడెక్కిందనో, ఒంటి మీద పేలవంటి పురుగులు చేరాయనో అనుమానించాలి.

గొడ్ల కొట్టం పక్క గది వద్దనడానికి ఎండతో పాటు మరో కారణం ఉంది. పిడుదులకు, జోరీగలకు చల్లే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ మందులు, తోటకు కొట్టే పురుగుమందులు, సాయంత్రం వేసే పొగ, దోమల కాయిల్ వంటివి మూసిన పెట్టెలోని పాముకు హాని చేస్తాయి. స్ప్రేయరు, మందు డబ్బాలు ఉంచే గదిలోగానీ, దానిని ఆనుకున్న గదిలోగానీ పెట్టెను ఉంచకండి. చీమల కోసం మందు చల్లే బదులు పెట్టె కాళ్లను నీళ్లు పోసిన చిప్పల్లో నిలబెట్టండి. పొలంలో పట్టిన ఎలుకలను మేతగా వేయవద్దు. అవి జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడియోలోన్ వంటి ఎలుకల మందు కలిపిన ఎర తిని ఉండవచ్చు. ఒకే పెట్టెలో రెండు పాములను ఎప్పుడూ ఉంచకండి. పామును, పెట్టెలోని వస్తువులను తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకే ప్రమాదం ఉన్నందున ఐదేళ్లలోపు పిల్లలను దాని దగ్గరికి రానివ్వవద్దు.

తాళం గురించి అంతగా చెప్పడానికి కారణం ఇదే. బాల్ పైథాన్ విషపాము కాదు. కానీ నల్లని, గోధుమరంగు మచ్చలతో బలిసిన పొట్టి ఒళ్లు చూసి, తెలియని వారు రక్తపింజరి అనుకుని కొట్టి చంపుతారు. అంతకంటే ప్రమాదకరమైనది దీనికి తిరగబడిన పొరపాటు. పాము తప్పించుకున్న రాత్రి, తోటలో టార్చి వెలుగులో కనిపించిన మచ్చల పామును మీదేనని చేత్తో పట్టుకోబోతే, అది రక్తపింజరి అయితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంటి వెలుపల కనిపించిన ఏ పామునూ మీరు ముట్టుకోకండి, అటవీ శాఖకు కబురు చేయండి. పెట్టె ఉన్న గది తలుపు కింది సందును కూడా పూడ్పించండి.

చివరగా, పాము మీ ఇంటికి రాకముందే చూసుకోవలసిన కాగితాలు. మన అడవుల్లోని కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, దాన్ని పెంచుకోవడం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి అయినా, అంతర్జాతీయ వాణిజ్యంపై నియంత్రణ ఉన్న జాతి. ఆ చట్టానికి 2022లో జరిగిన సవరణ తర్వాత అది నాలుగో షెడ్యూలు పరిధిలోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి జంతువు తమ దగ్గర ఉన్నవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. చేతులు మారడం, మరణించడం కూడా తెలియజేయాలి. మీ అమ్మాయి నమోదు చేసిందో లేదో అడగండి. చేసి ఉంటే, పాము కర్ణాటక నుంచి ఆంధ్రప్రదేశ్‌కు, ఆమె నుంచి మీకు మారుతున్నందున రెండు రాష్ట్రాల అటవీ శాఖ కార్యాలయాల్లో ఏమేం చేయాలో ముందుగా కనుక్కోవాలి. నమోదు లేకపోతే ఆ సంగతి తేలేదాకా పామును కదిలించవద్దు. సరీసృపాలను చూసే వైద్యులు అందరికీ దగ్గరలో ఉండరు కాబట్టి, గన్నవరం పశువైద్య కళాశాలలో ఒకసారి విచారించి పెట్టుకోండి. తీసుకురావడానికి నవంబరు, ఫిబ్రవరి నెలలు అనుకూలం. మెత్తని గుడ్డ సంచిలో వేసి మూతి కట్టి, గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టి, రాత్రి ప్రయాణంలో కారులో తీసుకురండి. వచ్చిన తర్వాత వారం పది రోజులు నీళ్లు మార్చడం తప్ప పెట్టె తెరవకుండా వదిలేసి, ఆ తర్వాతే మేత పెట్టండి.

– పశువైద్య శాస్త్రవేత్త