కంటెంట్ బాగున్నా సైట్ గూగుల్‌లో ఎందుకు కనబడదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: గ్రూప్స్ పరీక్షల కోసం తెలుగు మీడియం నోట్స్‌తో సైట్ పెట్టారు, చదివినవాళ్లు బాగుందంటున్నారు, కానీ గూగుల్‌లో వెతికితే ఎక్కడా రావడం లేదు. ఒక ఏజెన్సీవాళ్లు బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ సైట్‌కు వచ్చే లింకులు) కొంటే ర్యాంకు వస్తుందని చెప్పారు. కొనాలా, లేక టెక్నికల్ సమస్య ఏమైనా ఉంటుందా అని అడిగారు.

దయచేసి ఆ డబ్బు కట్టకండి. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ స్పామ్ నిబంధనలకే విరుద్ధం. నేను కోచింగ్ సెంటర్లకు, చిన్న పత్రికలకు వెబ్‌సైట్లు చూసిపెడుతుంటాను. ర్యాంకు రావడం లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి అసలు ఇబ్బంది ర్యాంకు దగ్గర లేదు. గూగుల్ ముందు పేజీని తెచ్చుకోవాలి, తర్వాత చదివి ఇండెక్స్‌లో, అంటే వెతికినప్పుడు చూసే తన జాబితాలో, పెట్టుకోవాలి. ఎవరు పైన, ఎవరు కింద అన్న లెక్క ఆ తర్వాతే. మొదటి రెండింట్లో ఆగిపోయిన పేజీకి ఎన్ని లింకులున్నా ఉపయోగం ఉండదు.

కాబట్టి ముందు, సైట్ గూగుల్‌లో ఎలా ఉందో యజమానికి చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్‌ను చేర్చుకోండి, ఉచితమే. అందులో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ అనే చోట మీ పేజీ అడ్రస్ ఒకటి ఇస్తే, అది ఇండెక్స్‌లో ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో చెబుతుంది. ఉన్న పేజీకైతే గూగుల్‌కు అందిన కోడ్‌ను కూడా చూపిస్తుంది. మీ నోట్స్‌లోంచి ఒక తెలుగు వాక్యం తీసుకుని ఆ కోడ్‌లో వెతకండి. అక్కడ లేని వాక్యం గూగుల్‌కు లేనట్టే.

నేను చూసిన ఒక కోచింగ్ సెంటర్ సైట్‌లో ఒక్క పేజీ కూడా ఇండెక్స్ కాలేదు. కారణం ఒక టిక్ మార్కు. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీలో, ఈ సైట్‌ను ఇండెక్స్ చేయవద్దని సెర్చ్ ఇంజిన్లకు చెప్పే పెట్టె ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు డెవలపర్ టిక్ పెట్టాడు, లాంచ్ రోజున తీయలేదు. దాంతో ప్రతి పేజీలోనూ, ఇండెక్స్‌లో పెట్టుకోవద్దని చెప్పే నోఇండెక్స్ ట్యాగ్ ఉండిపోయింది. పైగా ఏ పేజీలు చదవొచ్చో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే రోబోట్స్ ఫైల్‌లో సైట్ మొత్తాన్ని బ్లాక్ చేశారు. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది, కాదు. రోబోట్స్ ఫైల్ పేజీని చదవనివ్వదు, అంతే. వేరే సైట్ల నుంచి లింకులుంటే ఆ అడ్రస్ ఫలితాల్లోకి వచ్చినా వస్తుంది. నోఇండెక్స్ అయితే ఫలితాల్లోకి రానివ్వదు, కానీ అది పనిచేయాలంటే పేజీని గూగుల్ చదవగలగాలి. అందుకే టిక్ ఒక్కటే తీసేస్తే సరిపోదు, రోబోట్స్ ఫైల్‌లోని అడ్డు కూడా తీయాలి. మీ సైట్‌లో రెండూ చూడండి.

మీది తెలుగు నోట్స్ కాబట్టి అన్నిటికంటే నాకు అనుమానం ఉన్నది ఫాంట్ మీద. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలా పని "అను" అనే పాత తరహా ఫాంట్లలోనే జరుగుతుంది. చూడటానికి తెలుగే, కానీ ఫైల్ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంట్ వాటికి తెలుగు రూపం ఇస్తుంది. ఆ పీడీఎఫ్‌ను అలాగే సైట్‌లో పెడితే గూగుల్‌కు కనిపించేది అర్థంలేని గుర్తుల వరుస. "కాకతీయుల పాలన" అని విద్యార్థి వెతికితే ఆ మాట మీ ఫైల్‌లో ఎక్కడా ఉండదు. పరీక్షించడం తేలిక: పేజీలోంచి రెండు లైన్లు కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకూ సొంత కోడ్ ఇచ్చే ప్రమాణం), పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంట్. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది, అయినా ఇంత మంచి తెలుగు సమాచారం వెతికేవాళ్లకు దొరకకుండా పడి ఉండటం నాకు నిజంగా బాధగా ఉంటుంది. మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తులు, సంయుక్తాక్షరాలు ఒకసారి మనిషి చదివి దిద్దాల్సిందే. తర్వాత పీడీఎఫ్‌తో పాటు అదే పాఠాన్ని మామూలు వెబ్ పేజీగా కూడా పెట్టండి. ఫోటో తీసి పెట్టిన నోట్స్‌ను మాత్రం టైప్ చేయించండి. బొమ్మలోని అక్షరాలను గూగుల్ చదువుతుందిలే అని ధీమాగా ఉండకండి.

ఇంకో సైట్‌లో అధ్యాయాలన్నీ బటన్ నొక్కితేనే తెరుచుకునేవి. వాటికి వేరే అడ్రసులు లేవు, అంతా జావాస్క్రిప్ట్, అంటే బ్రౌజర్‌లో నడిచే కోడ్. గూగుల్ బాట్ (పేజీలు తెచ్చుకునే గూగుల్ ప్రోగ్రాం) జావాస్క్రిప్ట్‌ను నడపగలదు కానీ బటన్లు నొక్కదు. దానికి తెలిసింది హోమ్ పేజీ ఒక్కటే. ప్రతి అధ్యాయానికి సొంత అడ్రస్, దానికి మామూలు లింకు ఇచ్చాక పేజీలు ఇండెక్స్‌లోకి రావడం మొదలైంది. గూగుల్ ఇప్పుడు చూసేది మొబైల్ వెర్షన్‌నే, కాబట్టి కంప్యూటర్లో కనిపించే పాఠమంతా ఫోన్లోనూ ఉందో లేదో చూసుకోండి.

పేజీ అసలు అడ్రస్ ఏదో గూగుల్‌కు చెప్పే కానొనికల్ ట్యాగ్ కూడా ఒకసారి చూడండి. కొన్ని థీమ్‌లలో తప్పుగా సెట్ చేస్తే ప్రతి పేజీ తన అసలు అడ్రస్‌గా హోమ్ పేజీనే చెబుతుంది. పాత అడ్రసులు మార్చి ఉంటే 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లను కొత్తదానికి శాశ్వతంగా పంపే ఏర్పాటు) పెట్టండి. అడ్రస్‌లో తెలుగు అక్షరాలు ఉండటం తప్పేమీ కాదు, షేర్ చేసినప్పుడు పొడుగ్గా కనిపిస్తుంది, అంతే.

స్పీడ్ గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. గూగుల్ కొలతలు ఇవి: ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, పేజీ తెరుచుకునేటప్పుడు అందులోని భాగాలు అటూఇటూ జరగడాన్ని కొలిచే స్కోరు 0.1 దాటకూడదు. ఇవి అందుకుంటే మంచిదే, కానీ దీనివల్లే ర్యాంకు పెరగదు. తెలుగు ఫాంట్ ఫైళ్లు బరువుగా ఉంటాయి, ఒకటి రెండు చాలు. నన్ను ఎక్కువ భయపెట్టేది చవక హోస్టింగ్. నోటిఫికేషన్ వచ్చిన రోజు అందరూ ఒకేసారి వస్తే సర్వర్ పడిపోయి 500 ఎర్రర్లు (సర్వర్ లోపం సందేశాలు) ఇస్తుంది. అలా మళ్లీ మళ్లీ జరిగితే గూగుల్ రావడమే తగ్గిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అని చూపిస్తే, గూగుల్ పేజీని చదివింది కానీ ప్రస్తుతానికి ఇండెక్స్‌లో పెట్టుకోలేదని అర్థం. అది చాలాసార్లు టెక్నికల్ సమస్య కాదు. సిలబస్, నోటిఫికేషన్ కాపీ చేసి పెట్టిన పేజీలకు ఇది ఎక్కువగా చూస్తుంటాను. మీరు సొంతంగా రాసిన నోట్స్ పేజీలకే ఇలా వస్తుంటే, సెర్చ్ కన్సోల్ పేజెస్ రిపోర్ట్‌లో ఏ కారణం కింద ఎక్కువ పేజీలు ఉన్నాయో ఇక్కడ కామెంట్‌లో రాయండి, చూసి చెబుతాను.