ధ్యానం మొదలుపెట్టాక ఆయాసం తగ్గింది, రోజూ వాడే ఇన్‌హేలర్ ఆపేయొచ్చా?

ఆపకండి. నెల రోజులుగా ధ్యానం చేస్తున్నారు, రాత్రిళ్లు నిద్ర పడుతోంది, పిల్లికూతలు పెద్దగా లేవు అని రాశారు. సంతోషమే. కానీ తగ్గింది ఆస్తమానా, ఆస్తమా వల్ల వచ్చే కంగారా అన్నది ముందు తేలాలి.

శ్వాసనాళాల లోపలి పొర వాచి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని గాలి దారి ఇరుకవడం అసలు జబ్బు. ఊపిరి అందట్లేదన్న భయంతో నోరు తెరిచి, పైపైన, గబగబా పీల్చడం దాని మీద వచ్చిపడే రెండో బాధ. ధ్యానం పనిచేసేది ఎక్కువగా ఈ రెండోదాని మీదే. వాపును తగ్గించేది రోజూ వాడే ఇన్‌హేలర్‌లోని మందు, అంటే బ్యుడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్లకు ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీదే దృష్టి నిలిపే ధ్యానం) శిక్షణ ఇచ్చి పరీక్షించిన ఫలితాలు 2012లో వచ్చాయి. ఏడాది తర్వాత చూసినా వాళ్లకు ఒత్తిడి తగ్గింది, రోజువారీ జీవితం మెరుగుపడింది. ఊపిరితిత్తుల కొలతలు మాత్రం మారలేదు. మందు మానేసినా కొన్నాళ్లు ఏమీ తెలియదు, చిక్కంతా అక్కడే. వాపు లోలోపల పెరుగుతూ ఉంటుంది, ఒక జలుబుకో దీపావళి పొగకో ఒక్కసారిగా బయటపడుతుంది.

అందుకే మనసు చెప్పేదాన్ని కాకుండా పీక్ ఫ్లో మీటర్ (గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే చిన్న పరికరం) చెప్పేదాన్ని నమ్మండి. ముల్లు సున్నా దగ్గర పెట్టి, నిలబడి, ఛాతీ నిండా గాలి తీసుకుని, పెదాలు గొట్టం చుట్టూ బిగించి ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది వాటిలో పెద్ద అంకె రాసుకోండి, సగటు కట్టకండి. పొద్దున, సాయంత్రం రెండు వారాలు రాస్తే మీ మామూలు స్థాయి తెలుస్తుంది. బాగున్నప్పుడు మీ అత్యధిక అంకె 400 అనుకుందాం. 320కి పైన ఉంటే ఫర్వాలేదు. 200 నుంచి 320 మధ్య ఉంటే డాక్టర్ ఇచ్చిన సూచనల ప్రకారం మందు మార్చుకోవాలి. 200 కంటే తగ్గితే రిలీవర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్) తీసుకుని ఆసుపత్రికి బయల్దేరాలి.

ఇక కూర్చునే పద్ధతి. ధ్యానానికి ముందు అగరుబత్తి, సాంబ్రాణి వెలిగించే అలవాటుంటే మానేయండి. ఆ పొగే చాలామందిలో దగ్గు రేపుతుంది. దుమ్ము పట్టిన తివాచీ మీద కాకుండా కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి, వీపు నిటారుగా పెట్టి కూర్చోండి. చలికాలంలో తెల్లవారుజామున డాబా మీద వద్దు. ఆస్తమా ఎక్కువ ఇబ్బంది పెట్టేదే ఆ వేళలో, పైగా చల్లగాలి తోడవుతుంది. రిలీవర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి.

పది నిమిషాలు చాలు. ముక్కుతో మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, నాలుగైదు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. పొట్టను లోపలికి నొక్కి గాలిని బయటకు తోయకండి, దానంతట అది వెళ్లాలి. ఊపిరి బిగబట్టే కుంభకం, గబగబా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక మీకు వద్దు. గబగబా పీలిస్తే నాళాల లోపలి తడి ఆరిపోయి కండరం బిగుసుకుంటుంది. ఊపిరిని గమనిస్తుంటే గాభరా పెరిగేవాళ్లు కూడా ఉన్నారు. అలా అయితే ఊపిరిని వదిలేసి అరచేతుల స్పర్శ మీదో, ఫ్యాన్ చప్పుడు మీదో దృష్టి పెట్టండి, అదీ ధ్యానమే.

ఆయాసం నిజంగా మొదలైతే కళ్లు మూసుకుని ఓర్చుకోవద్దు. ముందు రిలీవర్, ఆ తర్వాతే నెమ్మదిగా వదిలే ఊపిరి. ఒక్క వాక్యం కూడా ఆగకుండా చెప్పలేకపోతే, పెదాలు నీలంగా మారితే వెంటనే 108కి ఫోన్ చేయండి.

స్టెరాయిడ్ డోసు తగ్గించడానికి దారి లేకపోలేదు. రెండు మూడు నెలలు లక్షణాలు అదుపులో ఉండి, పీక్ ఫ్లో అంకెలు నిలకడగా ఉంటే, రాసుకున్న పుస్తకం తీసుకెళ్లి ఛాతీ డాక్టర్‌కు చూపించండి. సాధారణంగా పావు వంతు నుంచి సగం వరకు తగ్గించి, మళ్లీ మూడు నెలలు చూస్తారు. ఆ మూడు నెలలూ ధ్యానం, మీటర్ రెండూ కొనసాగించండి. జలుబు, దగ్గు ఉన్న వారంలో, ఊరు వెళ్లే ముందు మాత్రం డోసు తగ్గించమని అడగకండి.